మారిషస్ తెలుగువారి ‘గంజాం’ ఎక్కడిది?

సంపాదకులకు నమస్కారం.

మారిషస్‌లో ఉగాదికి దేశమంతటా సెలవని మన పత్రికలు ఏటా రాస్తాయి, సంతోషమే. కానీ తాతముత్తాతల ఊరు వెతుక్కుంటూ అక్కణ్ణుంచి వచ్చేవాళ్లకు పనికొచ్చే సంగతులు ఎక్కడా కనపడవు. అందుకే ఈ ఉత్తరం.

చెరకు తోటల్లో పనికి 1834 నుంచి మన దేశం వాళ్లను ఓడల్లో తరలించారు. పోర్ట్ లూయీ రేవులో దిగిన ప్రతి మనిషికీ ఒక నంబరు ఇచ్చి తండ్రి పేరు, కులం, ఊరు, జిల్లా, ఓడ పేరు పుస్తకాల్లో రాసుకున్నారు. 1860ల నుంచి ఫొటోలూ తీశారు. ఆ పుస్తకాలు ఇప్పుడు మారిషస్‌లోనే మోకా అనే ఊళ్లో ఉన్న మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి.

ఇంటిపేరుతో వెతికితే దారి తప్పుతారు. అక్కడ తండ్రి పేరో తాత పేరో ఇంటిపేరైపోయింది. మన సన్యాసి ‘సనాసీ’గా, అప్పడు ‘అప్పాదూ’గా మారారు. నంబరే ఆధారం. అది పాత జనన, వివాహ పత్రాల్లో తరచు దొరుకుతుంది. కాబట్టి ముందు అక్కడి పౌర నమోదు కార్యాలయంలో ఆ పత్రాలు ఒక్కో తరం చొప్పున వెనక్కి తీయించుకుని, తర్వాతే మోకాకు వెళ్లాలి.

అసలు చిక్కు జిల్లా దగ్గర వస్తుంది. ‘గంజాం’ అని చూడగానే చాలామంది ఒడిశాకు పోతారు. 1936 వరకు శ్రీకాకుళం, టెక్కలి కూడా గంజాం జిల్లాలోవే. ‘రాజమండ్రి జిల్లా’ అని ఉంటే అది 1859కి ముందు మాట. ఆ ఏడే గోదావరి, కృష్ణా జిల్లాలు ఏర్పడ్డాయి. ఓడెక్కిన రేవు మద్రాసు అయినంత మాత్రాన మనిషి తమిళుడు కాడు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీదనే మారిషస్‌లో తెలుగువాళ్లను కోరంగీలు అన్నారు.

ఇక ఊరి పేరు. గుమాస్తా చెవికి వినపడింది రోమన్ లిపిలో రాశాడు. ట-త, ల-ళ తేడాలు అందులో నిలవవు. కాగితం మీద చూసి కాదు, పైకి చదివి పోల్చుకోవాలి, అదీ ఆ ప్రాంతం యాస తెలిసినవాళ్ల ముందు. కొత్తవలస, కొత్తపేట లాంటి పేర్లు ఉత్తరాంధ్రలో ఎన్నో ఉన్నాయి గనుక తాలూకా పేరు కూడా ఉందేమో చూడకుండా బయలుదేరొద్దు. మన రెవెన్యూ ఉద్యోగులు, ఊరి పెద్దలు ఆ కాగితాన్ని ఓ పది నిమిషాలు కూర్చుని చదివిపెడితే చాలు, సముద్రం దాటి వచ్చినవాళ్లు ఉత్త చేతులతో వెనక్కి పోరు.

– ఒక పాఠకుడు, శ్రీకాకుళం