పిల్లలంతా సముద్రం వైపే పరిగెత్తారు

ఒరేయ్ సూరీ,

నీ ఉత్తరం వచ్చి నెల దాటిపోయింది. తిట్లు రెడీగా పెట్టుకునే ఉంటావు. ఉంచుకో, కానీ ఇది మొత్తం చదివాక వాడు. ఇంట్లో అంతా కులాసా. బదిలీ ఈసారీ రాలేదు. మా చిన్నదానికి ముందు పళ్లు రెండూ ఊడాయి. వార్తలు సమాప్తం. ఇక అసలు సంగతి చెప్పకపోతే కడుపు ఉబ్బి చచ్చేలా ఉన్నాను.

మొన్న గురువారం మా ఊళ్లో సునామీ మాక్ డ్రిల్ పెట్టారు. బడి పిల్లల్ని తుఫాను షెల్టర్‌కి చేర్చే బాధ్యత ఎవరికిచ్చారనుకున్నావు? నాకే. నవ్వకు. ఎన్‌సీసీ క్యాంపు, చెరుకు తోట, సుబేదారు గారి టోపీ... అన్నీ నాకూ గుర్తున్నాయి.

తప్పు డ్రిల్ రోజున జరగలేదురా, వారం ముందే జరిగింది. పిల్లలకి ఉత్సాహం పుట్టాలని టిల్లీ స్మిత్ కథ చెప్పాను. ఇంగ్లండు పిల్ల, 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు పదేళ్లది. అమ్మానాన్నలతో థాయిలాండ్‌లో ఫుకెట్ బీచ్‌కి వెళ్లింది. నీళ్లు నురగలు కక్కుతూ తేడాగా కనబడేసరికి, రెండు వారాల కిందట జాగ్రఫీ క్లాసులో విన్నది గుర్తొచ్చి గోల గోల చేసింది. బీచ్ ఖాళీ చేయించారు, ఆ బీచ్‌లో ఒక్కరూ చనిపోలేదు. కథ బ్రహ్మాండంగా పండింది. ఆ ఊపులో నేను బోర్డు మీద పెద్దక్షరాలతో రాశాను: సముద్రం వెనక్కి పోతే సునామీ వస్తున్నట్టే.

ఇక డ్రిల్ రోజు. జిల్లా నుంచి ఒక ఆఫీసరు గారు వచ్చి పొద్దున్నే మా అందరికీ క్లాసు పీకారు. బాగా చెప్పారు, ఒప్పుకోవాలి. భూకంపం ఎప్పుడొస్తుందో ముందుగా ఎవరూ చెప్పలేరట. వచ్చాక మాత్రం నిమిషాల్లో పట్టేస్తారు. ఎక్కడ, ఎంత లోతులో, ఎంత తీవ్రతతో అనేది హైదరాబాద్ ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్‌కి, అంటే సముద్ర సమాచార కేంద్రానికి, తెలిసిపోతుంది. (అవును, అదే. “సముద్రం లేని ఊళ్లో సముద్రానికి ఆఫీసేంట్రా” అని నువ్వు పడీపడీ నవ్విన ఆఫీసే.) కానీ భూమి కదిలినంత మాత్రాన సునామీ రాదు. సముద్రం అడుగు పైకి లేవాలి, లేదా కిందకి దిగాలి. అది తేల్చడానికి నడిసముద్రంలో అడుగున ఒత్తిడి కొలిచే పరికరాలు పెట్టారు. పైన నీళ్లు కొన్ని సెంటీమీటర్లు పెరిగినా వాటికి తెలుస్తుంది. అవి పైన తేలే బోయాకి శబ్దంతో చెబుతాయి, బోయా శాటిలైట్‌కి చెబుతుంది.

2012 ఏప్రిల్ 11 గుర్తుందా? మధ్యాహ్నం సుమత్రా దగ్గర 8.6 తీవ్రతతో భూకంపం వచ్చింది, నువ్వు ఫోన్ చేసి “డాబా ఎక్కు, డాబా ఎక్కు” అని ప్రాణం తీశావు. ఆ రోజు పెద్ద సునామీ ఎందుకు రాలేదో ఇన్నాళ్లకి అర్థమైంది. అక్కడ సముద్రం అడుగున భూమి పలకలు పక్కకి జరిగాయి తప్ప పైకి లేవలేదు. డాబా మీద నేను రెండు గంటలు ఎండలో మాడింది అందుకన్నమాట.

సరే, పది గంటలకి హెచ్చరిక వచ్చింది. జిల్లా నుంచి మండలానికి, మండలం నుంచి మా సచివాలయానికి, అక్కడ్నుంచి మైకు ఆటోకి. ఆ ఆటో రోజూ బట్టల సేల్ గురించి అరిచేదే, అందుకని ఆడవాళ్లు సగం మంది డిస్కౌంట్ ఎంత అని అడిగారు. నేను విజిల్ ఊది “పదండి!” అన్నాను. బడి గేటు దాటాక కుడివైపు షెల్టర్, ఎడమవైపు సముద్రం. నలభై మూడు మంది ఎడమకే తిరిగారు! విజిల్ ఊదుతూ నేను వెనకాల, చెప్పు తెగింది, ఇసకలో ఒంటికాలితో గెంతుతున్నాను. ఆఫీసరు గారు చేతిలో స్టాప్‌వాచ్‌తో అలాగే నిలబడిపోయారు. నీళ్ల అంచున ఐదో తరగతి వాడొకడు వెనక్కి తిరిగి గట్టిగా కేకేశాడు: “సార్, ఇంకా వెనక్కి పోలేదు సార్!”

ఒరేయ్, నవ్వు ఆపుకుని మిగతాది చదువు.

పిల్లల్ని తోలుకుని షెల్టర్ దగ్గరికి చేరేసరికి పదిహేడు నిమిషాలు. తలుపుకి తాళం. తాళంచెవి ఉన్నాయన పెళ్లికెళ్లాడు. మెట్ల మీద ఒకే ఒక్క మనిషి కూర్చుని ఉంది, నూకాలమ్మ. డెబ్భై ఏళ్లుంటాయి, పొద్దున్నే చేపల బుట్ట దింపితే మళ్లీ లేవదు. మైకు వినగానే బుట్ట అక్కడే వదిలేసి అందరికంటే ముందు వచ్చిందట. నన్ను చూసి, “ఏటి మాస్టారూ, నీళ్లు వెనక్కి పోతాయని పిల్లలకి సెప్పినావంట. ఆ యేడు మాకు ముందర వెనక్కి పోనేదు. తిన్నగా పైకే వచ్చీసింది” అంది.

నేను వాదించబోయాను. ఆఫీసరు గారు నా భుజం పట్టుకుని, “ఆమె చెప్పిందే కరెక్ట్ మాస్టారూ” అన్నారు. 2004లో పలక పడమటి అంచు పైకి లేచింది, తూర్పు వైపు కిందకి దిగింది. అందుకని థాయిలాండ్ వైపు ముందు సముద్రం వెనక్కి పోయింది. మన వైపు మొదటే నీళ్లు ఎక్కాయి. టిల్లీ పాఠం టిల్లీ ఒడ్డుకే! ఇన్నేళ్లుగా బోర్డు మీద ఏం రాస్తున్నాన్రా నేను...

తర్వాత ఆమె చెప్పింది వింటే నీకూ నోట మాట రాదు. ఆదివారం, పౌర్ణమి. మొదటి నీళ్లు వచ్చి బోట్లు కొట్టుకుపోయాయి. తర్వాత నీళ్లు బాగా లోపలికి పోయాయి. అయిపోయిందనుకుని మరిది వల తెచ్చుకోవడానికి దిగాడు. మళ్లీ వచ్చింది. అంతే చెప్పి కొంగుతో మెట్టు తుడిచి, “కూకో మాస్టారూ” అంది.

ఆ పొద్దున 6:29కి సుమత్రా దగ్గర భూమి కదిలింది. నీళ్లు మన ఒడ్డుకి చేరేసరికి రెండు గంటలు దాటింది. రెండు గంటలురా! ఒక్కడూ చెప్పలేదు, చెప్పే ఏర్పాటే లేదు. 2005లో విపత్తుల చట్టం, 2007లో హైదరాబాద్‌లో సునామీ హెచ్చరిక కేంద్రం, అన్నీ ఆ తర్వాతే. అదే అండమాన్‌లో అయితే ఇప్పటికీ అరగంట కూడా దొరకదు, కాళ్ల కింద నేల ఊగడమే వాళ్లకి సైరన్.

నూకాలమ్మ ఊరుకుందా? “మరి ఏటకెళ్లినోళ్ల సంగతేటి?” అని అడిగింది. ఆఫీసరు గారు చెప్పారు, చేపల వేటకెళ్లినవాళ్లు ఒడ్డుకి రాకూడదట! నాలుగు కిలోమీటర్ల లోతులో ఆ అల విమానంలా గంటకి 700 కిలోమీటర్లు పోతుంది, కానీ పైన పడవకి తెలియను కూడా తెలియదు. ఒడ్డు దగ్గర పది మీటర్ల లోతుకొచ్చేసరికి వేగం 36కి పడిపోయి, ఆ నీళ్లన్నీ ఎత్తుగా లేస్తాయి. కాబట్టి ఇంకా లోపలికే పోవాలి. ఆమె కాసేపు ఆలోచించి, “ఆలికి ఎవులు సెప్తారు?” అంది. ఆఫీసరు గారు పెన్ను తీసి రాసుకున్నారు. ఆ రోజు ఆయన రాసుకున్నది అదొక్కటే, నా పదిహేడు నిమిషాలు తప్ప.

రేపు ఆ బోర్డు పాఠం మళ్లీ చెప్పాలి, ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు. నూకాలమ్మనే క్లాసుకి పిలుద్దామని ఉంది, వస్తుందో రాదో. తాళంచెవి సంగతి ఇంకా ఉంది, అది పెద్ద కథ, సచివాలయంలో మొన్న దాని మీద... అయ్యో, లెక్కల సార్ బండి స్టార్ట్ చేశాడు, ఇది ఆయన చేతే టౌన్‌లో పోస్టు చేయించాలి. చెల్లెమ్మని అడిగానని చెప్పు. టోపీ సంగతి మాత్రం

నీ
చెరుకు తోట కెప్టెన్