వసతి గృహాల్లో రాత్రి ఫోన్లు, పిల్లల నిద్ర: శ్రీకాకుళం జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన జిల్లా కలెక్టర్ గారికి నమస్కారాలు.

శ్రీకాకుళంలో డిగ్రీ విద్యార్థులకు పాఠాలు చెప్పే అధ్యాపకుడిగా ఈ లేఖ రాస్తున్నాను. ఉదయం మొదటి పీరియడ్‌లోనే కళ్లు ఎర్రబడి, తెరిచిన పుస్తకం మీద తల వాల్చేస్తున్న పిల్లలు ప్రతి తరగతిలోనూ కనిపిస్తున్నారు. అడిగితే, ఫోన్ చూస్తూ ఉండగానే రెండు దాటిపోయిందని వారే చెబుతున్నారు.

ఈ వయసువారికి రాత్రికి 7 నుంచి 9 గంటల నిద్ర అవసరం. చీకటి పడ్డాక మెదడులోని పీనియల్ గ్రంథి మెలటోనిన్ అనే హార్మోన్‌ను విడుదల చేసి శరీరాన్ని నిద్రకు సిద్ధం చేస్తుంది. ఫోన్ తెర నుంచి వచ్చే నీలి కాంతి ఆ పనికి అడ్డుపడుతుంది. కాంతి ఒక్కటే కారణం కాదు, ఒకదాని వెనుక ఒకటి వచ్చే రీల్స్, ఆటలు, సందేశాలు మనసును కూడా పడుకోనివ్వవు. పగలు విన్న పాఠం జ్ఞాపకంలో కుదురుకోవడానికి నిద్ర కావాలి కనుక, ఈ నష్టం నేరుగా చదువు మీదే పడుతోంది.

అలాగని ఫోన్లు లాక్కోమని నేను కోరడం లేదు. ఉద్దానం, ఇచ్ఛాపురం వైపు నుంచి వచ్చి సంక్షేమ వసతి గృహాల్లో ఉంటున్న పిల్లల్లో చాలామంది తల్లిదండ్రులు హైదరాబాద్‌కో చెన్నైకో వలస వెళ్లినవారు. పని ముగించుకొని, వంట చేసుకొని, బిడ్డతో నాలుగు మాటలు మాట్లాడడానికి వారికి వీలు చిక్కేది రాత్రి తొమ్మిది దాటాకే. పైగా తప్పంతా పిల్లలదే అనడం న్యాయం కాదు. మర్నాటి పరీక్ష మార్పు, ఫీజు గడువు వంటి సమాచారాన్ని రాత్రి పదకొండింటికి వాట్సాప్ గ్రూపుల్లో పెడుతున్నది కళాశాలలే.

అందువల్ల, అత్యవసరమైతే తప్ప రాత్రి 8 తర్వాత అటువంటి సందేశాలు పంపవద్దని జిల్లాలోని కళాశాలలకు సూచించండి. వసతి గృహాల్లో ఇప్పుడు వైరు మంచం దాకా లాగి, ఛార్జింగ్‌లో ఉన్న ఫోన్‌ను తలగడ కిందే పెట్టుకుంటున్నారు. ఛార్జింగ్ ప్లగ్గులను చదువుకునే గదిలో ఏర్పాటు చేయించి, పదిన్నర తర్వాత ఫోన్లు అక్కడే ఉండేలా విద్యార్థులతోనే మాట్లాడి ఒప్పించండి. ఇంటి నుంచి ఏ వేళ కబురు వచ్చినా అందుకునేలా వార్డెన్ దగ్గర ఒక నంబరు రాత్రంతా పనిచేయాలి; అది లేకపోతే ఏ తల్లీ ఈ ఏర్పాటుకు ఒప్పుకోదు, ఒప్పుకోనక్కర్లేదు కూడా. ఫోన్ వదలలేక నలిగిపోతున్న పిల్లల కోసం ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ టెలీ మానస్ ఉచిత సహాయ నంబరు 14416ను ప్రతి నోటీసు బోర్డు మీదా రాయించండి.

వీటిని ముందుగా శ్రీకాకుళం, ఎచ్చెర్ల వసతి గృహాల్లో ఒక సెమిస్టర్ పాటు అమలుచేసి, విద్యార్థుల అభిప్రాయాలు తెలుసుకున్నాక జిల్లా అంతటికీ నిర్ణయం తీసుకోవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక డిగ్రీ కళాశాల అధ్యాపకుడు,
శ్రీకాకుళం