గుంతలో తెలిసింది గుంతలోనే పూడ్చేస్తున్నాం

సంపాదకుడు గారికి,

నమస్కారం. తవ్వకంలో కేబుల్ తెగి ఇంటర్నెట్ ఆగిపోయిందంటే తిట్లన్నీ పొక్లెయిన్ డ్రైవర్‌కే. తెగిన ఫైబర్ కేబుళ్లు అతికే పనిలో పద్నాలుగేళ్లుగా ఉన్నాను, నేనూ అలాగే తిట్టేవాణ్ణి. బురద గుంతలో గొడుగు కింద కూర్చుని, వెంట్రుకంత సన్నటి గాజు పోగులను రంగు చూసుకుంటూ ఒక్కొక్కటే అతుకుతుంటే కోపం రాక ఏమవుతుంది? 96 పోగుల కేబుల్ అయితే ఆ రాత్రికి నిద్ర లేనట్టే.

అలాంటి ఒక గుంతలోనే నా కోపం దిగిపోయింది. డ్రైవర్ జేబులోంచి మడతలు పడ్డ కాగితం తీసి చూపించాడు. కేబుల్ రోడ్డు అంచు నుంచి ఒక మీటరు దూరంలో ఉందని అందులో స్పష్టంగా రాసి ఉంది. అతను కొలుచుకునే తవ్వాడు. కాకపోతే ఆ కాగితం రోడ్డు వెడల్పు చేయకముందు గీసింది. అంచు జరిగింది, కేబుల్ ఉన్నచోటే ఉంది. ఆ సంగతి రోడ్డు వేసినవాళ్లకు తెలుసు. కేబుల్ వాళ్లకు ఎవరూ చెప్పలేదు, తవ్వేవాడికి అసలే చెప్పలేదు.

నేలలోని లైన్లను వెతికిపెట్టే లొకేటర్ యంత్రం ఉంది కదా అంటారు. అది పసిగట్టేది లోహాన్ని. ప్లాస్టిక్ గ్యాస్ పైపు వెంట రాగి తీగ వేయకుండా పూడ్చేస్తే, లొకేటర్ లెక్కలో ఆ పైపు లేనట్టే. నేల లోపలికి చూసే రాడార్ యంత్రం తడి బంకమట్టిలో పెద్దగా పనికిరాదు. చివరికి అనుమానమున్న చోట చేత్తో తవ్వి కళ్లతో చూసుకోవాల్సిందే. అందుకు ఒక పూట పడుతుంది. ఆ పూట కూలికి కాంట్రాక్టులో చోటుండదు కాబట్టి నేరుగా బకెట్టే దిగుతుంది.

అమెరికాలో తవ్వేముందు 811కు ఫోన్ చేసే పద్ధతి 2007 నుంచి ఉంది. లైన్ల వాళ్లు వచ్చి గ్యాస్‌కు పసుపు, కరెంటుకు ఎరుపు, తాగునీటికి నీలం, టెలికాంకు నారింజ రంగు గుర్తులు పెట్టి వెళ్తారు. భారత్‌లో 2023 మార్చిలో వచ్చిన ‘కాల్ బిఫోర్ యు డిగ్’ యాప్ ఉద్దేశమూ తవ్వేవాళ్లనూ లైన్ల యజమానులనూ కలపడమే. మంచిదే. కానీ ఫోన్ ఎత్తినవాడి చేతిలో ఉన్నది ఆ పాత కాగితమే అయితే ఏం లాభం? మ్యాపు చూపిస్తే పోటీ కంపెనీకి రహస్యం తెలిసిపోతుందని కొందరి భయం. పొక్లెయిన్ బకెట్‌కు ఆ రహస్యం ఎప్పుడో తెలుసు.

తెగిన కేబుల్ కనీసం తెగానని చెబుతుంది. నాకు అంతకంటే టెన్షన్ పెట్టేది పైపు మీద పడే గీత. బకెట్ పన్ను తగిలి పైపు కొంచెం గీసుకుపోతుంది. లీకేజీ లేదు, వాసన లేదు. చెబితే జరిమానా, పని ఆగిపోతుంది. మట్టి కప్పేస్తారు. బెల్జియంలోని గిలెంగియెన్‌లో 2004 జూలై 30న గ్యాస్ పైప్‌లైన్ పేలి 24 మంది చనిపోయారు. అంతకుముందు అక్కడ జరిగిన నిర్మాణ పనుల్లో యంత్రం తగిలి పైపు గోడ పలచబడి ఉంది. ఆ దెబ్బకూ పేలుడుకూ మధ్య, తెలిసుంటే బాగుచేసుకోవడానికి వ్యవధి ఉండేది.

అందుకే గ్యాస్, కరెంటు, నీళ్లు, టెలికాం సంస్థలూ తవ్వే కాంట్రాక్టర్లూ ముందు ఒక ఒప్పందానికి రావాలని నా మనవి. గీత పడిన రోజే వచ్చి చెప్పినవాడికి జరిమానా వేయకూడదు. దాచి దొరికినవాడికి ఎంత వేసినా నాకు అభ్యంతరం లేదు. అమెరికాలో 2000లో ఏర్పడిన కామన్ గ్రౌండ్ అలయన్స్ అనే సంస్థలో ఈ రంగాలవాళ్లందరూ సభ్యులే. ఎక్కడ, ఎందువల్ల నష్టం జరిగిందో కంపెనీల పేర్లు బయటపెట్టకుండా సేకరించి ఏటా నివేదిక ఇస్తుంది. తప్పు ఎవరిదన్న పంచాయితీ పక్కన పెడితేనే నిజం బయటికొస్తుంది. చేత్తో తవ్వే పూటకు కూడా బిల్లులో ఒక లైను ఉండాలి.

ఇక మ్యాపు సంగతి. గుంత తెరిచి ఉన్నప్పుడు లైను అసలు ఎక్కడుందో కళ్లెదుటే కనిపిస్తుంది. పూడ్చేముందు టేపు పట్టి కొలిచి, ఫోన్‌తో ఫొటో తీసి పంపడానికి ఐదు నిమిషాలు చాలు. నేను పంపుతూనే ఉన్నాను. వాటిని మ్యాపులో ఎక్కించే మనిషిని మాత్రం మా దగ్గర ఇంకా పెట్టలేదు.

ఇట్లు,
ఒక కేబుల్ జాయింటర్