ఏ గ్యాసో, ఎలా పుట్టిందో కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం అండి,

సెప్టిక్ ట్యాంకులోనో మ్యాన్‌హోల్‌లోనో దిగి ఇద్దరు ముగ్గురు ఒకేసారి చనిపోయారన్న వార్త పేపర్లో వస్తూనే ఉంటుంది, ప్రతిసారీ "విషవాయువులు పీల్చి" అని ఒక ముక్క రాసి, ఎక్స్‌గ్రేషియా ఎంతో చెప్పి వదిలేస్తారు. అది ఏ గ్యాసు, అక్కడికెలా వచ్చింది, ముందు దిగినాయన పడిపోతే కాపాడ్డానికి దిగినాయన కూడా అదే చోట ఎందుకు పడిపోతున్నాడు, ఇవేవీ ఉండవు. నేను భీమవరం దగ్గర రొయ్యల చెరువుల నీళ్ళూ మట్టీ టెస్ట్ చేసే ల్యాబ్‌లో పనిచేస్తాను, ఈ గ్యాసుతో మాకు సీజన్ అంతా గొడవే, అందుకే రాస్తున్నాను.

చాలాసార్లు అది హైడ్రోజన్ సల్ఫైడ్ అండి, కుళ్ళిన కోడిగుడ్డు వాసన వచ్చేది. దీన్ని తయారుచేసేది బ్యాక్టీరియా. గాలి ఆడని చోట మనలాగా ఆక్సిజన్ దొరకదు కాబట్టి ఇవి నీళ్ళలో ఉన్న సల్ఫేట్‌ను (గంధకం, ఆక్సిజన్ కలిసిన లవణం) దాని బదులు వాడుకుని, కుళ్ళే సరుకుని తిని, ఈ గ్యాసుని వదుల్తాయి. ఇదేం కొత్త సంగతి కాదు, నెదర్లాండ్స్‌లో బైజరింక్ అనే ఆయన 1895లోనే ఈ బ్యాక్టీరియాని పట్టుకున్నాడు.

మా చెరువుల్లో ఏం జరుగుతుందంటే, రొయ్య తినగా మిగిలిన మేత, పెంట, చచ్చిన నాచు అన్నీ అడుక్కి చేరతాయి, అక్కడ ఆక్సిజన్ అయిపోగానే ఈ బ్యాక్టీరియా పని మొదలెడుతుంది. సముద్రపు నీళ్ళలో లీటరుకి 2700 మిల్లీగ్రాముల దాకా సల్ఫేట్ ఉంటుంది, అందుకని ఉప్పునీటి చెరువులో దానికి కొదవ ఉండదు, అదే మంచినీటి చేపల చెరువు అడుగున అయితే సల్ఫేట్ తక్కువ కాబట్టి మీథేన్ బుడగలే ఎక్కువ వస్తాయి. అడుగు మట్టి నల్లగా అవుతుందే, అది ఈ గ్యాసు మట్టిలో ఇనుముతో కలిసి అయిన నలుపు. ఒకరకంగా ఇనుము మనకి మేలే చేస్తోంది, గ్యాసుని పట్టి ఉంచుతోంది, అది కూడా చాలనప్పుడే రొయ్యకి ముప్పు. పైగా పీహెచ్ (నీళ్ళ ఆమ్ల, క్షార గుణం కొలత, తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) 7 దగ్గర ఉంటే, ఈ గ్యాసు నీళ్ళలో కరిగి అయ్యే మొత్తం సల్ఫైడ్‌లో సగం విషపు గ్యాసుగానే ఉంటుంది, 8కి పెరిగితే సుమారు పదోవంతే, అందుకే తెల్లవారుజామున, పెద్ద వాన పడ్డాక, అంటే పీహెచ్ తగ్గే టైముల్లో రైతులకి గుబులు. ఏరేటర్ (నీళ్ళలో గాలి కలిపే యంత్రం) ఆపకండి, మేత తగ్గించండి, అడుగు కెలక్కండి అని మేం చెప్పేది ఇందుకే.

డ్రైనేజీలో కూడా ఇదే కథ, కాకపోతే అక్కడుండేది మనిషి. పైపు గోడకి పట్టిన జిగురులోనూ ట్యాంకు అడుగున ఉన్న మడ్డిలోనూ గ్యాసు పుట్టి ఆ నీళ్ళలోనే కరిగి ఉంటుంది, కెలికేదాకా చాలావరకు బయటికి రాదు. మూత తీసి చూస్తే ఏం లేనట్టే ఉండి, దిగి పారతోనో కర్రతోనో కదపగానే ఒక్కసారి పైకి వచ్చేస్తుంది. గాలికంటే బరువు కాబట్టి కిందే నిలుస్తుంది. అన్నిటికంటే ఘోరం ముక్కు సంగతి. 1 పీపీఎం (గాలిలో పది లక్షల వంతుల్లో ఒక వంతు) లోపే వాసన తెలిసిపోతుంది, 100 పీపీఎం దగ్గర కొద్ది నిమిషాల్లో ముక్కు మొద్దుబారిపోయి వాసనే తెలీదు, దాంతో గ్యాస్ పోయిందనుకుంటారు. ఇంకా పెరిగి 700, 1000 దాకా వెళితే రెండు మూడు శ్వాసల్లో మనిషి కూలిపోవచ్చు. లోపల పడినవాణ్ణి చూసి అన్నో తమ్ముడో ఆగలేక దిగుతాడు, ఆయన్ని ఎలా తప్పుబడతాం చెప్పండి.

కొందరు దీపం దింపి చూస్తారు, అది ఆరకపోతే పర్వాలేదంటారు. దీపానికి ఆక్సిజన్ ఉంటే చాలండి, ఈ గ్యాసు ప్రాణం తీసేంత ఉన్నా దీపం వెలుగుతూనే ఉంటుంది, మీథేన్ కూడా ఉంటే అంటుకుని పేలినా పేలుతుంది.

అలాగని ఈ బ్యాక్టీరియాని విలన్‌ని చేసి రాయమనట్లేదు. కోరింగ మడ అడవుల బురదలో వచ్చే వాసన కూడా ఇదే, అక్కడ ఇవి కుళ్ళే సరుకుని ముందే తినేయడంవల్ల భూమిని వేడెక్కించే మీథేన్‌ని తయారుచేసే సూక్ష్మజీవులకి మిగిలేది తక్కువ, అది వాతావరణానికి మంచిదే. ఒక జింక్ ఫ్యాక్టరీ కింద పాడైన భూగర్భజలంలోంచి లోహాల్ని పట్టడానికి నెదర్లాండ్స్‌లో వీటినే పనికి పెట్టుకున్నారు. నల్ల సముద్రంలో 150, 200 మీటర్ల కిందికి వెళితే ఆక్సిజన్ ఉండదు, ఆ నీళ్ళంతటా ఈ గ్యాసే కరిగి ఉంటుంది. సిటీలో సిమెంటు డ్రైనేజీ పైపులు పైకప్పు దగ్గర తినేసినట్టు అయిపోవడానికి కూడా కారణం ఇదే, గ్యాసు పైకి చేరితే వేరే బ్యాక్టీరియా దాన్ని సల్ఫ్యూరిక్ యాసిడ్ చేస్తుంది. అలాంటి పైపు విరిగి పైన రోడ్డు కూలిన వార్త రాసేటప్పుడు ఇది కూడా ఒకసారి అడిగి చూడండి.

అసలు రక్షణ లేకుండా మనుషుల్ని సెప్టిక్ ట్యాంకుల్లోకి, మ్యాన్‌హోళ్ళలోకి దింపడాన్నే 2013 చట్టం నిషేధించింది, చనిపోతే 10 లక్షలు ఇవ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది, 2023లో అది 30 లక్షలు చేసింది. ఈ లెక్క చాలామంది కుటుంబాలకి తెలీదు.

కాబట్టి మీ రిపోర్టర్లని ఈసారి ఇలాంటి చోటికి వెళ్ళినప్పుడు మూడు అడగమనండి: దిగేముందు గ్యాస్ మీటర్ పెట్టారా, పెడితే రీడింగ్ కెలికాక కూడా చూశారా, దింపమన్నది ఎవరు. జవాబు ఏదొచ్చినా అలాగే అచ్చేయండి, "తెలియదు" అన్నా సరే. ఎండలు ముదిరితే ఈ బ్యాక్టీరియా ఇంకా జోరుగా పనిచేస్తుంది, ఆలోపు జిల్లా పేజీలో ఒక అరపేజీ దీనిమీద వేయగలిగితే సంతోషం, రాయడానికి కావాల్సిన వివరాలు మా ల్యాబ్ వాళ్ళం కూర్చుని చెప్తాం.

ఇట్లు,
ఒక ఆక్వా ల్యాబ్ ఉద్యోగి, భీమవరం