ఆ హదీసు ఏ గ్రంథంలోది?

సంపాదకులకు,

గత శుక్రవారం నా ఫోనుకు వచ్చిన ఆకుపచ్చ కార్డులో, మినారు బొమ్మ కింద, 'విద్య కోసం చైనాకైనా వెళ్లండి' అని రాసి, ప్రవక్త ముహమ్మద్ (స) ప్రవచనమని, అంటే హదీసని వేశారు. గ్రంథం పేరు మాత్రం లేదు. బడి వార్షికోత్సవాల్లో వక్తలు తరచూ ఉదహరించే ఈ మాటకు చూపే ఉల్లేఖకుల (ఒకరి నుంచి ఒకరు విని చెప్పినవారి) పరంపరలో అబూ ఆతికా అనే వ్యక్తి ఉన్నాడని, అతని ఉల్లేఖనాలు చెల్లవని బుఖారీ వంటి హదీసువేత్తలు తేల్చగా, 12వ శతాబ్దపు బగ్దాదు పండితుడు ఇబ్నుల్ జౌజీ దీన్ని ఏకంగా కల్పితాల్లోనే చేర్చారు. దానికి జతగా వినిపించే 'విద్యార్జన ప్రతి ముస్లింకూ విధి' అన్నది మాత్రం ఇబ్నె మాజా హదీసు సంకలనంలో ఉంది. ఆగస్టు 15 సభల్లో మారుమోగే 'దేశప్రేమ విశ్వాసంలో భాగం' సంగతీ చైనా మాట లాంటిదే. అది కల్పితమన్నది ఎవరో కాదు, లాహోరులో పుట్టిన హదీసు పండితుడు సగానీ. (మాట మంచిదే, అంతమాత్రాన ప్రవక్తది అయిపోదు.) 'తల్లి పాదాల కింద స్వర్గం' కథ వేరు: ప్రచారంలో ఉన్న వాక్యం నిలవకపోయినా, యుద్ధానికి వెళ్లాలనుకున్న జాహిమా అనే అనుచరుణ్ని తల్లినే కనిపెట్టుకుని ఉండమని, స్వర్గం ఆమె పాదాల కిందే ఉందని ప్రవక్త చెప్పినట్టు నసాయీ హదీసు సంకలనంలో ఉంది. మీ భక్తి పేజీలో హదీసు వేసేటప్పుడు సంకలనం పేరు, సంఖ్య, అది సహీహో (ప్రామాణికమో) జయీఫో (బలహీనమో) ఒక్క ముక్కలో వేయించగలరు.

— ఒక పాఠకుడు, గుంటూరు