పెట్టెకూ రూటరుకూ మధ్య బాధ్యత ఎవరిది?

సంపాదకులు గారికి,

అయ్యా,

సెట్ టాప్ బాక్సుకు ఇంటర్నెట్ అందకపోతే దాన్ని ఒకసారి ఆపి మళ్లీ పెట్టమనీ, అప్పటికీ కుదరకపోతే కంపెనీ నంబరుకు ఫోను చేయమనీ గత ఆదివారం మీ పత్రికలో సలహా ఇచ్చారు. ఆ రెండు పనులూ పదకొండు రోజుల పాటు శ్రద్ధగా చేసినవాణ్ణి కనుక ఈ ఉత్తరం రాయక తప్పడం లేదు.

మాది పాత మండువా లోగిలి. రూటరు వీధి అరుగును ఆనుకున్న గదిలో, టీవీ పడమటింట్లో ఉన్నాయి. నడుమ మూరెడు మందం గోడలు రెండు. డిష్ ద్వారా వచ్చే చానళ్లు నిక్షేపంగా వస్తున్నా, ఇంటర్నెట్ మీద నడవవలసిన సినిమాలు మాత్రం తెరపై చక్రం తిరుగుతూ ఆగిపోయేవి. డిష్‌నూ పెట్టెనూ ఇచ్చిన డీటీహెచ్ వారికి ఫోను చేస్తే సిగ్నల్ బాగానే ఉంది, ఇంటర్నెట్ వారిని అడగమన్నారు. ఇంటర్నెట్ వారు రూటరులో పచ్చదీపం వెలుగుతోంది కదా, పెట్టె వారినే అడగమన్నారు. చివరికి పెట్టె వారు పంపిన కుర్రాడు పెరట్లోని డిష్‌ను అటూ ఇటూ తిప్పి, అప్పటిదాకా వస్తున్న చానళ్లను కూడా పోగొట్టి, మళ్లీ వాటిని తెప్పించినందుకు 350 రూపాయలు తీసుకుని వెళ్లాడు. చానళ్లు ఉపగ్రహం నుంచి, సినిమాలు ఇంటర్నెట్ నుంచి వస్తాయనీ, ఒకటి చెడితే రెండోదాని జోలికి పోనక్కర్లేదనీ అతనికి ఎవరూ చెప్పి పంపినట్టు లేదు.

అసలు సంగతి తేల్చినవాడు పాలిటెక్నిక్ చదివే పక్కింటి పిల్లవాడు. ముందుగా టీవీ పక్కనే నిలబడి, అదే వైఫైకి తన సెల్‌ఫోను కలిపి చూశాడు. గుర్తులో ఒక్క గీతే ఉంది. తరువాత పెట్టెలోని నెట్‌వర్క్ సెట్టింగులు తెరిస్తే, నెట్‌వర్కులో పెట్టెను గుర్తుపట్టే అంకెలు, అంటే ఐపీ చిరునామా, 169.254తో మొదలవుతోంది. రూటరు నుంచి చిరునామా అందనప్పుడు పెట్టె తనకు తానే ఇచ్చుకునే అంకెలవి. మామూలుగా ఇళ్లలో 192.168తో మొదలయ్యేది కనిపించాలట. పెట్టె 5 గిగాహెర్ట్జ్ వైఫైకి కలిసి ఉంది, అది మందపాటి గోడలు దాటలేక నీరసిస్తుంది. 2.4కు మార్చగానే సినిమా నడిచింది. ఆ తరువాత వాసాల మీదుగా లాన్ తీగ కూడా లాగించుకున్నాం. ఇంతా కలిపి గంట పని, ఖర్చు తీగ డబ్బులు మాత్రమే.

మా కోనసీమలో ప్రతి ఇంటి కథా ఇదే కాదు. కొబ్బరి మట్ట పడి ఫైబరు తెగిన ఇంట్లో రూటరు మీద ఎల్‌ఓఎస్ అనే ఎర్రదీపం మిణుకుమంటుంది. వెలుగు సంకేతమే ఇంటిదాకా రానప్పుడు టీవీ పెట్టెను వందసార్లు ఆపి పెట్టినా లాభమేమిటి? జోరువానలో చానళ్లు పోయి ఇంటర్నెట్ మాత్రం నడుస్తుంటే, అది ఉపగ్రహం నుంచి డిష్‌కు వచ్చే, వానకు తట్టుకోలేని కేయూ బ్యాండు సంకేతం సంగతి, కాసేపు ఓపిక పడితే చాలు. అంతర్వేది వైపు ఉప్పుగాలికి డిష్ కనెక్టర్లు తుప్పు పడతాయి. వీటిని విడదీసి చెప్పకుండా అన్నింటికీ ఒకే మందు రాయడం ఏ పాటి వైద్యం?

పైవారి నిర్వాకం ఇంకా ముచ్చటైనది. బ్రాడ్‌బ్యాండు ఫిర్యాదు తేలకపోతే అప్పిలేట్ అథారిటీ, డీటీహెచ్ ఫిర్యాదు తేలకపోతే నోడల్ అధికారి ఉన్నారు. లోపం సరిగ్గా రెంటి నడుమ ఉన్న నాబోటివాడు ఎవరి వాకిట్లో నిలబడాలి? 2004 నుంచి ప్రసార రంగం కూడా టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ పరిధిలోనే ఉంది. అంటే టెలికాం, టీవీ రెంటికీ నియంత్రణ సంస్థ ఒక్కటే. 2023లో బ్రాడ్‌బ్యాండు అనిపించుకోవడానికి కనీస వేగం సెకనుకు 512 కిలోబిట్ల నుంచి 2 మెగాబిట్లకు పెరిగింది, సంతోషమే. ఆ వేగం పడమటింటిదాకా రాకపోతే జవాబు చెప్పవలసింది ఎవరో కూడా అక్కడే తేల్చి ఉంటే బాగుండేది. పెట్టెతో పాటు ఇచ్చే పుస్తకం ఇంగ్లీషులో ఉంటుంది, కాల్ సెంటరులో తెలుగు కోసం నొక్కిన అంకె ‘దయచేసి వేచి ఉండండి’ దగ్గరే ఆగిపోతుంది. వచ్చిన మనిషి లోపం ఎక్కడుందో కాగితం మీద రాసి ఇచ్చాకే రుసుము అడగాలన్న చిన్న నిబంధనకైనా ఎవరికీ తీరిక దొరకలేదు.

నా దగ్గరున్న రసీదులో ‘సమస్య’ అన్న చోట ‘నెట్’ అనీ, ‘పరిష్కారం’ అన్న చోట ‘డిష్ సరిచేయడమైనది’ అనీ ఉంది. మీ వ్యాసకర్త కోరితే నకలు పంపగలను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
కొత్తపేట మండలం, కోనసీమ.