షేక్‌స్పియర్‌కు పది రోజుల ముందే పాడె

సంపాదకులకు,

ఏప్రిల్ 23న మీ ‘చరిత్రలో ఈ రోజు’ చదివి వారం దాటింది. సవరణ వేస్తారేమోనని రోజూ మూలమూలలా వెతికాను. వేయలేదు కనుక రాస్తున్నాను.

షేక్‌స్పియర్, స్పెయిన్ రచయిత సెర్వాంటెస్ 1616లో ఒకే రోజున కన్నుమూయడం వింతల్లో వింత అన్నారు. పోప్ గ్రెగరీ 1582లో క్యాలెండర్ సవరిస్తే స్పెయిన్ వెంటనే ఒప్పుకుంది. పోప్ చెబితే మేము వినాలా అని ఇంగ్లండు 1752 దాకా పాత లెక్కనే పట్టుకు వేలాడింది. 1616 నాటికి తేడా పది రోజులు. స్పెయిన్‌లో ఆ ఏప్రిల్ 23 శనివారం. షేక్‌స్పియర్ పోయిన ఏప్రిల్ 23 మంగళవారం, అంటే స్పెయిన్ వారికి మే 3. పైగా సెర్వాంటెస్ 22నే పోయాడు, 23 ఖననం తేదీ. షేక్‌స్పియర్ పుట్టిందీ ఆ రోజేనట! 1564 ఏప్రిల్ 26న బాప్తిస్మం ఇచ్చినట్టే దాఖలా ఉంది, మిగతాది ఊహ. ఉగాది ఏ రోజన్నది పంచాంగకర్తలు తేల్చకపోతే మూడు రోజులు మొదటి పేజీలో తగువు నడిపే పత్రికకు తేదీల తంటా కొత్తా?

అదే ఏప్రిల్ 23న 1858లో జర్మనీలోని కీల్ నగరంలో మాక్స్ ప్లాంక్ పుట్టాడు. క్వాంటం సిద్ధాంతానికి పునాది వేసినవాడు. ఆయనకు ఒక్క వాక్యం దొరకలేదు. ఎవరో నటి పుట్టినరోజుకు మాత్రం ఫొటోతో సహా దొరికింది.

డిసెంబరులోనూ ఇంతే. గెలీలియో పోయిన 1642లోనే న్యూటన్ పుట్టాడని మురిశారు. గెలీలియోకు కొత్త లెక్క, న్యూటన్‌కు పాత లెక్క! ఇద్దరికీ ఒకే లెక్క వేస్తే న్యూటన్ పుట్టింది 1643 జనవరి 4న. అప్పుడూ ఉత్తరం రాశాను. అచ్చుకు నోచుకోలేదు. ఒకప్పుడు పత్రికల్లో ప్రూఫ్ రీడర్లు ఉండేవారు. ఇప్పుడు ఫోనులో కనిపించిందే వేదం. పోటీ పరీక్షలు పెట్టే అధికారుల తీరూ అంతే. వారి జవాబుల ‘కీ’లో తప్పుందని చెప్పాలన్నా కొన్ని పరీక్షల్లో మనమే రుసుము కట్టాలి.

మా మనవరాలు గ్రూప్స్‌కు చదువుతోంది. మీ శీర్షికను రోజూ కత్తిరించి నోటుబుక్కులో అంటిస్తుంది. ఆ ముక్కను ఎర్ర సిరాతో దిద్ది ఇచ్చాను. చదివి, “మీరు చెప్పింది సరే తాతయ్యా, పేపర్లో ఉన్నదే కీలోనూ ఉంటే?” అంది.

– ఒక పాత చందాదారు, తెనాలి